మైనపు బిళ్లలో నాగదుర్గ

ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చాక తన జబ్బేమిటో నాగదుర్గకు అత్తగారి నోట తెలిసింది. పిత్తాశయంలో రాళ్లట. చూడటానికొచ్చిన పక్కింటావిడకు అత్తగారు ఆ రాళ్ల సైజుతో సహా వివరిస్తుంటే, లోపలి గదిలో ఎడమవైపు ఛాతీకి కట్టుతో పడుకున్న నాగదుర్గకు నవ్వు రాబోయింది. నవ్వితే కుట్లు లాగాయి. ఆగిపోయింది.

తీసేసింది పిత్తాశయాన్ని కాదు, ఎడమ రొమ్మును. అందులో కేన్సర్ గడ్డ ఉంది, చంకలో గ్రంథులకు కూడా కాస్త పాకింది. బయటికి పొక్కకూడదని నిర్ణయించింది ఆమె బావగారు వెంకటరత్నం. తణుకు బజారులో వాళ్లది తాతల నాటి బట్టల కొట్టు. వెంకటరత్నం ఇంటికి పెద్ద, కొట్టుకీ పెద్ద. తమ్ముడు సుధాకర్, అంటే నాగదుర్గ భర్త, అన్నగారి మాటకు ఎదురు చెప్పి ఎరగడు. వెంకటరత్నం కొడుకు మహేంద్రకు అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. కాకినాడలో డిగ్రీ చదువుతున్న నాగదుర్గ కూతురు పూజితకు కూడా నాలుగేళ్లు పోతే చూడాలి. ఈ పరిస్థితిలో ఇంట్లో కేన్సర్ ఉందన్న మాట బజారెక్కితే ఎలా అని ఆయన బాధ. ఆయన చెడ్డవాడు కాదు. నాగదుర్గను ఆస్పత్రిలో చేర్పించిందీ, రాత్రీ పగలూ కారు సిద్ధంగా ఉంచిందీ ఆయనే. కాకపోతే ఇంటి పరువు తన జేబులో పెట్టుకు తిరిగే వస్తువనీ, జేబుకు చిల్లు పడితే తప్పు తనదేననీ అనుకునే మనిషి.

నాగదుర్గ కూడా సరేనంది. ఒప్పుకుని కాదు, ఓపిక లేక.

మామూలుగా అయితే ఆమె అలా సరేననే రకం కాదు. పెద్ద కొట్టు పక్కన సామాను పడేసుకునే గదిని ఖాళీ చేయించి మ్యాచింగ్ సెంటర్ పెట్టింది ఆమే. కోమటింటి కోడలు కొట్టులో కూర్చోవడమేమిటని అత్తగారు మూతి ముడిస్తే, ఆడవాళ్ల జాకెట్టు ముక్కలు ఆడదే అమ్మాలి కదా అత్తయ్యగారూ అని వెళ్లి కూర్చుంది. చీర అంచు ఒక్కసారి చూసి, వెనక అరలోంచి సరిగ్గా ఆ రంగు థాను లాగేది. పెళ్లిళ్ల రోజుల్లో అత్తిలి నుంచీ, పెనుగొండ నుంచీ కూడా ఆమె కోసమే వచ్చేవాళ్లు.

ఆపరేషన్ చేసిన నర్సింగ్ హోమ్‌లోనే కీమో మొదలుపెట్టారు. జుట్టు ఊడింది. ఈసారి పిత్తాశయం పనికిరాలేదు కనక తిరుపతి మొక్కు బయటికొచ్చింది. వెంకటరమణ స్వామికి తలనీలాలు ఇచ్చి వచ్చిందని అందరికీ చెప్పారు. ఎవరో ప్రసాదం ఏదని అడిగితే, అత్తగారు ఇంట్లో లడ్డూ చేయించి పంచిపెట్టింది.

కీమో ఎక్కించే గదిలో పక్క మంచం మీద రూతు అనే ఆవిడ ఉండేది. అత్తిలి దగ్గర స్కూల్లో టీచరు. ఆవిడది కూడా రొమ్ము కేన్సరే. చివరి కీమో రోజున రూతు మాటల్లో మాటగా అడిగింది.

"మీది హార్మోన్ పాజిటివా, నెగిటివా అండీ?"

నాగదుర్గకు ఆ మాటే కొత్త. తెలియదంది. రూతు లేచి కూర్చుంది.

"తెలుసుకోవాలండి. నాది నెగిటివ్. అందుకని నాకు మాత్ర లేదు, ఇస్తే పనిచెయ్యదు. పాజిటివ్ అయితే ఏళ్ల తరబడి రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. అది మళ్లీ రాకుండా కాపు కాస్తుందన్నమాట. నాకు లేని అవకాశం మీకుందేమో చూసుకోకపోతే ఎలాగండీ?"

నాగదుర్గ ఆపరేషన్ చేసిన డాక్టరుగారిని అడిగింది. ఆయన ఫైలు తిరగేసి, మొదటి రిపోర్టు వచ్చాక ఆ పరీక్ష పంపుదామనుకున్నామనీ, పంపినట్టు లేదనీ అన్నాడు. వైద్యం పూర్తయింది కదా, ప్రశాంతంగా ఉండమన్నాడు. ఇంట్లో అడిగితే వెంకటరత్నం కూడా అదే మాట అన్నాడు. అన్నీ అయ్యాక మళ్లీ పరీక్షలెందుకన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఆమె మొహం వైపు చూడలేదు. అది ఆమె గమనించింది గానీ, అర్థం మాత్రం తరవాత తెలిసింది.

రెండోవారం భర్తను బయల్దేరదీసి రాజమండ్రి వెళ్లింది. కేన్సర్ డాక్టరు లక్ష్మీప్రసన్నగారు నిదానంగా మాట్లాడే మనిషి. నాగదుర్గ అడిగినవాటికి జవాబు చెప్పి, అడగనివాటికి కూడా చెప్పింది. ఈస్ట్రోజెన్ అనే ఆడవాళ్ల హార్మోన్ రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది. అయితే దాని మాట అన్ని కణాలూ వినవు. వినే కణాల్లో దాన్ని పట్టుకునే ప్రొటీన్ ఒకటుంటుంది, దాని పేరు రిసెప్టర్. హార్మోన్ వచ్చి రిసెప్టర్‌లో కూర్చోగానే, ఆ రెండూ కలిసి కణం లోపలి జన్యువుల మీదికెళ్లి పెరగమని చెబుతాయి. మామూలు రొమ్ములో అది అవసరమే. కేన్సర్ కణాల్లో ఈ రిసెప్టర్లు గనక దండిగా ఉంటే, ఒంట్లోని హార్మోనే ఆ జబ్బుకు తిండి పెడుతుంది.

నాగదుర్గకు జాకెట్టు హుక్కూ కాజా గుర్తొచ్చాయి. ఆ మాటే అంది. డాక్టరమ్మ తలూపింది.

"అలాగే అనుకోండి. నేనిచ్చే టామాక్సిఫెన్ అచ్చం హుక్కులాగే ఉంటుంది, కాజాలో దూరుతుంది, కానీ అంచుల్ని దగ్గరికి లాగదు. అది అక్కడ కూర్చున్నంతసేపూ అసలు హుక్కుకి చోటుండదు. అయితే ముందు కాజాలున్నాయో లేదో చూడాలి కదమ్మా. మీ గడ్డ ముక్కని ల్యాబులో మైనంలో పోసి దాచి ఉంచుతారు. అది తెప్పిస్తే పరీక్ష చేయిస్తాను."

ఆ ల్యాబు కూడా రాజమండ్రిలోనే ఉంది. తణుకులో నమూనాలు తీసుకుని పంపే కలెక్షన్ సెంటర్ నుంచి ముక్క అక్కడికే వచ్చింది. వెళ్లి అడిగారు. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో వెతికింది. నాగదుర్గ పేరుతో ఏదీ లేదంది. ఇంటిపేరుతో వెతికింది, తేదీ పెట్టి వెతికింది. ఎలా వెతికినా ఆ పేరు మనిషి ముక్క తమకు రానేలేదు.

బయట బెంచీ మీద కూర్చున్నారు. సుధాకర్ రోడ్డు వైపు చూస్తూ జరిగింది చెప్పాడు. తణుకు కలెక్షన్ సెంటర్ నడిపేది తమ బజారువాళ్లే. పేరు చూస్తే గుర్తుపడతారని అన్నయ్య డాక్టరుగారిని బతిమాలి సత్యవతి అని వేరే పేరు రాయించాడు. ఫారం మీద సంతకం కూడా అన్నయ్యే పెట్టాడు. రిపోర్టు చూసి చించేశారు. ఆ తరవాత ఇంకో పరీక్ష పంపాలంటే మళ్లీ పేరు గొడవ వస్తుందని ఆ ఊసు ఎత్తలేదు.

నాగదుర్గకు మొదట కోపం రాలేదు. తన ఒంట్లోంచి కోసిన ముక్క, తన ప్రాణానికి దారి చెప్పగలిగిన ముక్క, ఎవరో పుట్టని ఆడమనిషి పేరుతో ఒక అరలో కూర్చుని ఉందన్న సంగతి బుర్రకెక్కడానికి కొంచెం సమయం పట్టింది. ఎక్కాక మాత్రం ఒంట్లో కీమో తాలూకు నీరసం ఏమైపోయిందో తెలియలేదు.

"మీకు తెలుసు," అంది భర్తతో. "అయినా ఇందాక ఆ అమ్మాయి వెతుకుతుంటే నా పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్నారు."

తిరుగు ప్రయాణంలో రైలు గోదావరి వంతెన దాటి, కొవ్వూరు దాటి, నిడదవోలు చేరేదాకా ఆమె కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని నేరుగా బావగారి గదిలోకి వెళ్లింది. పెళ్లయి ఆ ఇంటికొచ్చాక ఆ గది గుమ్మం లోపల ఆమె నిలబడటం అదే మొదలు. ఆ పేరు తప్పుడు పేరని ల్యాబులో చెప్పాలని అడిగింది. వెంకటరత్నం డాక్టరుగారి దగ్గర కాగితం రాయించి సుధాకర్ చేత పంపిస్తానన్నాడు. తాను మాత్రం రానన్నాడు. పేరు మార్చాలంటే సంతకం పెట్టినవాళ్లే రావాలని, బెంచీ మీంచి లేచి మళ్లీ లోపలికెళ్లి అడిగినప్పుడే ల్యాబువాళ్లు చెప్పారు. అత్తగారు మధ్యలో కల్పించుకుని, అయిపోయినదాన్ని కెలకడం దేనికంది.

"అయిపోలేదు అత్తయ్యగారూ. ఆ ముక్క నాది. అది నాదేనని చెప్పడానికి బావగారికి సిగ్గయితే, కలెక్షన్ సెంటర్ ముందు నిలబడి నేనే బజారంతటికీ చెబుతాను. ఎలా చెప్పాలో మీరే తేల్చుకోండి."

మర్నాడు కారు తీశారు.

ల్యాబులో మైక్రోస్కోపు దగ్గర పనిచేసే డాక్టరమ్మ బయటికొచ్చింది. పేరు తప్పు రాసిన సంగతి ఒప్పుకుంటూ ఆపరేషన్ చేసిన డాక్టరు ఇచ్చిన కాగితం చదివి, వెంకటరత్నాన్ని అడిగింది. సత్యవతి అన్న పేరుతో తమరు ఇచ్చిన నమూనా ఎవరిదండీ అని. వెంకటరత్నం గొంతులోంచి ఏదో సణుగుడు వచ్చింది. వెనక బెంచీల మీద జనం ఉన్నారు.

"గట్టిగా చెప్పండి బావగారూ," అంది నాగదుర్గ. "ఆవిడకి వినపడలేదు."

"మా మరదలు నాగదుర్గది," అన్నాడాయన. "రొమ్ము కేన్సర్. పేరు నేనే మార్పించాను."

చెప్పేశాక ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వెనక బెంచీల మీద ఎవరూ తలెత్తి చూడలేదు. ఎవరి రిపోర్టు గొడవ వాళ్లది.

డాక్టరమ్మ మైనపు బిళ్లను తెచ్చి చూపించింది. సబ్బు చివరికి అరిగిపోతే మిగిలే పెంకంత ఉంది. మధ్యలో బూడిదరంగు ముక్క. నాగదుర్గ దాన్ని అరచేతిలో పెట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక ఏడవని మనిషి అక్కడ ఏడ్చింది. ఏడుస్తూనే పేరు సరిగ్గా రాసుకోమని చెప్పింది, ఇంటిపేరుతో సహా.

పరీక్షలో ఈస్ట్రోజెన్ రిసెప్టర్లు దండిగా ఉన్నాయని తేలింది. మాత్ర మొదలైంది.

ఆ వారంలోనే ఆమె కొట్టుకెళ్లి కూర్చుంది. తలమీద అప్పుడప్పుడే మొలుస్తున్న నూగు జుట్టు. కొంగు కప్పుకోమని ఇంట్లో చెప్పారు, కప్పుకోలేదు. మొదట వచ్చిన ఆవిడ తల చూసి అలవాటుగా అడిగింది.

"తిరుపతి వెళ్లొచ్చారా అండీ?"

"లేదండి. కేన్సర్ మందులకి ఊడింది. మీకు ఆకుపచ్చలో ముదురు కావాలా, లేతా?"

ఆవిడ ముదురు ఆకుపచ్చ తీసుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికి బజారంతా తెలిసింది. వారం రోజులు కొట్టుకు గిరాకీ తగ్గింది, తరవాత మామూలైంది. కొంతమంది ఆడవాళ్లు కొనడానికి ఏమీ లేకపోయినా వచ్చి, థానులు తిరగేస్తూ ఎవరూ లేని సందు చూసి, తమ ఒంటి సంగతులు అడిగేవాళ్లు. ఆమె వైద్యం చెప్పేది కాదు. ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించుకోమనీ, ఏ పరీక్ష చేసినా కాగితం అడిగి తీసుకోమనీ చెప్పేది. జాకెట్టు కుట్టే దర్జీ ఎడమవైపు దూది పెట్టమంటారా అని నసిగితే, ఉన్న ఒంటికే కుట్టమంది. పెళ్లిళ్లకు వెళ్లేటప్పుడు మాత్రం కావాలనిపిస్తే పెట్టుకునేది. అది కూడా ఆమె ఇష్టమే.

మహేంద్రకు దాదాపు ఖాయమైన సంబంధంవాళ్లు భీమవరం నుంచి వచ్చారు. పెళ్లికూతురి తల్లి కొట్టుకొచ్చి నాగదుర్గను సూటిగా అడిగింది. నిజమేనంది నాగదుర్గ. తాను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మనిషిననీ, తనకొచ్చిన జబ్బు బావగారి అబ్బాయి రక్తంలోకి ఎలా వెళుతుందనీ అడిగింది. ఆవిడ తలూపింది గానీ, ఆ సంబంధం తప్పిపోయింది. వెంకటరత్నం ఎండాకాలమంతా మరదలితో మాట్లాడలేదు. నాగదుర్గకు బాధ కలిగింది. మహేంద్ర అంటే ఆమెకు ప్రాణం. అయినా మళ్లీ అడిగితే మళ్లీ అదే చెబుతానని భర్తతో అంది. మహేంద్రకు రెండేళ్ల తరవాత తునిలో ఇంకో సంబంధం కుదిరింది. వాళ్లకు మొదటి మాటల్లోనే నాగదుర్గ తానే వెళ్లి తన జబ్బు సంగతి చెప్పివచ్చింది.

మాత్ర ఊరికే ఉండలేదు. కౌంటర్లో కూర్చుని ఉండగానే మెడ వెనక మంట రాజుకుని తలకెక్కేది, చెమట ధారలు కట్టేది. తోడికోడలు జాలిపడి ఆర్.ఎం.పి. పల్లంరాజు దగ్గర నుంచి మాత్రలు తెచ్చింది. నెలసరి ఆగే వయసులో ఆడవాళ్లకు ఆవిర్లు వస్తే వాడేవట, ఒళ్లు చల్లబడుతుందట. నాగదుర్గ డబ్బా ఫొటో తీసి లక్ష్మీప్రసన్నగారికి పంపింది. అది ఈస్ట్రోజెన్ మాత్రే. తాము ఏ హుక్కును రానివ్వకూడదనుకుంటున్నారో దాన్నే గుప్పెడు తెచ్చి పొయ్యడమేనని డాక్టరమ్మ ఫోన్‌లో గట్టిగా చెప్పింది. నిద్రకీ మనసుకీ వేసుకునే మాత్రల్లో కూడా కొన్ని, కాలేయం టామాక్సిఫెన్‌ని పనికొచ్చే రూపంలోకి మార్చకుండా అడ్డుపడతాయనీ, తనను అడగకుండా ఏదీ మింగొద్దనీ చెప్పింది. నాగదుర్గ డబ్బా పట్టుకుని పల్లంరాజు దగ్గరికే వెళ్లి, తనలాంటివాళ్లకు ఇది ఇవ్వకూడదని చెప్పి బల్ల మీద పెట్టి వచ్చింది. ఆయన నొచ్చుకున్నాడు. కొట్టుకొచ్చి ఫ్యాను తన వైపు తిప్పుకుంది. ఆవిర్లు మాత్రం పోలేదు. వాటితోనే రోజులు గడిపింది.

మూడో ఏట నెలసరి కాని రోజుల్లో రక్తం కనిపించింది. స్కానింగులో గర్భసంచి లోపలి పొర మందంగా ఉందన్నారు. ఇల్లంతా ఒక్క మాట మీద నిలబడింది. చాలాకాలానికి వెంకటరత్నం కూడా ఆమె జబ్బు సంగతి ఎత్తాడు.

"ఒకటి తగ్గించుకోబోయి ఇంకోటి తెచ్చుకుంటావా అమ్మా? ఆ మాత్ర ఆపెయ్. నీ మంచికే చెబుతున్నాను."

ఆయన గొంతులో నిజంగానే భయం ఉంది. నాగదుర్గకూ భయం వేసింది. ఆ రాత్రి మాత్ర చేతిలో పట్టుకుని మొదటిసారి వెనకాడింది. వేసుకునే పడుకుంది.

లక్ష్మీప్రసన్నగారు దాచలేదు. రిసెప్టర్ ఒకటే అయినా, దానికి సాయం చేసే ప్రొటీన్లు ఒక్కో అవయవంలో ఒక్కోలా ఉంటాయంది. అందుకే ఈ మాత్ర రొమ్ములో హార్మోన్‌కి అడ్డుపడుతుంది, గర్భసంచిలో మాత్రం కొంచెం హార్మోన్‌లాగే నడుచుకుంటుంది. నెలసరి ఆగిపోయినవాళ్ల ఎముకలకైతే మేలు చేస్తుంది. గర్భసంచిలో కేన్సర్ వచ్చే అవకాశం తక్కువే గానీ లేకపోలేదు, అందుకే రక్తం కనిపిస్తే చూడకుండా వదలకూడదు. ఆపమంటే ఆపుతాననీ, కానీ ముందు లోపలి పొర తీసి పరీక్షకి పంపుదామనీ అంది.

పంపారు. పేరు ఆమే స్వయంగా రాసి ఇచ్చింది. చెడు ఏమీ లేదని వచ్చింది. మాత్ర కొనసాగింది.

ఆ రోజుల్లోనే పూజిత ఒకసారి ఇంటికొచ్చి, అమ్మా, నాకూ వస్తుందా అని అడిగింది. నాగదుర్గ అబద్ధం చెప్పలేదు, ధైర్యం కూడా చెప్పలేదు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, తనను బయటికి పొమ్మన్నా సరే, కూతురు అడిగినవన్నీ చెప్పమంది. రక్తసంబంధీకుల్లో ఇంకెవరికీ లేదు కనక ఎక్కువ భయపడక్కర్లేదనీ, ఏ వయసు నుంచి పరీక్షలు చేయించుకోవాలో మాత్రం గుర్తుపెట్టుకోమనీ డాక్టరమ్మ చెప్పింది. బయటికొచ్చాక పూజిత పుష్కరఘాట్ దగ్గర మొక్కజొన్న పొత్తు కొనిపించుకుంది. తల్లీకూతుళ్లు నీళ్ల వైపు చూస్తూ, చెరి సగం తిన్నారు.

ఐదేళ్లు నిండాయి. ఈలోగా నెలసరి పూర్తిగా ఆగింది. ఇక మాత్ర గొడవ ఉండదని సుధాకర్ సంతోషించాడు. డాక్టరమ్మ మాత్రం రెండు దారులు చెప్పింది. ఆపెయ్యొచ్చు. లేదా, చంకలోకి పాకిన జబ్బు కనక, ఇంకొన్నేళ్లు వేరే మాత్ర వాడొచ్చు. అది రిసెప్టర్ జోలికి పోదు. నెలసరి ఆగాక కూడా ఒంట్లోని కొవ్వు కాస్తో కూస్తో ఈస్ట్రోజెన్‌ని తయారుచేస్తూనే ఉంటుంది, ఈ మాత్ర ఆ తయారీనే అణిచేస్తుంది. గర్భసంచికి ఇబ్బంది లేదు గానీ, కీళ్లు నొప్పులు పెడతాయి, ఎముకలు పలచబడతాయి. లాభం ఉంటుంది, అది ఎంతో ముందుగా చెప్పలేం.

ఆస్పత్రి మెట్ల మీద సుధాకర్ ఆగాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన భార్యను అలా అడగడం అదే మొదలు.

"నువ్వేమంటావు దుర్గా?"

"వాడతానండి. నొప్పులు నావి, మాత్రా నాదే. ఆపాలనిపించిన రోజు నేనే ఆపుతాను. ఎవరో భయపడ్డారని ఆపను."

ఆయన వెళ్లి కొత్త మాత్రలు తెచ్చాడు.

ఇప్పుడు పొద్దున్నే లేచేసరికి ఆమె వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. వేడినీళ్లలో కాసేపు ముంచి, కాలవగట్టు మీద రూతు టీచరుతో ఫోన్‌లో మాట్లాడుతూ నడిచి, కొట్టుకెళుతుంది. రూతు బాగానే ఉంది, మళ్లీ పాఠాలు చెబుతోంది. మొన్నొకరోజు లైనింగు బట్ట కొలుస్తుంటే కత్తెర జారింది. ఎదురుగా నిలబడ్డ పెద్దావిడ, ఇంత అవస్థపడుతూ దేనికమ్మా, ఇంటిపట్టున కూర్చోకూడదా అంది. నాగదుర్గ వంగి కత్తెర తీసుకుంది.

"కూర్చుంటే మీ జాకెట్లకి లైనింగు ఎవరు చింపుతారండీ? మీటరున్నర చాలా, రెండు తియ్యనా?"

రెండు తియ్యమంది ఆవిడ.